ఫిట్టర్ చేతుల డాక్టర్: కుర్ట్ సెమ్

1970లో జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ యూనివర్సిటీ స్త్రీల ఆసుపత్రికి మ్యూనిక్ నుంచి ఒక కొత్త ప్రొఫెసర్ వచ్చారు. వయసు 43. వచ్చీ రాగానే, పొట్ట కోయకుండా బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి గొట్టం దింపి ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు. తోటి డాక్టర్లు కొన్నాళ్లు చూశారు. ఆ తర్వాత, మీరు ముందు మెదడు పరీక్ష చేయించుకోండి అని ఆయనకే చెప్పారు. జోక్ కాదు, నిజంగానే. మెదడు దెబ్బతిన్న మనిషి తప్ప ఇలాంటి పని ఎవరూ పెట్టుకోరని వాళ్ల నమ్మకం.

ఆ ప్రొఫెసర్ పేరు కుర్ట్ సెమ్. ఇవాళ ఖమ్మంలో గానీ కొత్తగూడెంలో గానీ ఎవరికైనా అపెండిక్స్ నొప్పి వచ్చి కెమెరా పెట్టి తీశారంటే, మూడు చిన్న కుట్లతో రెండో రోజే ఇంటికి పంపారంటే, ఆ మూడు కుట్ల వెనక ఉన్నది ఈయనే. అయినా మనలో చాలామందికి ఆ పేరు తెలియదు. డాక్టర్ల గురించి మన మ్యాగజైన్‌లో ఎందుకు అంటారేమో. ఈయన డాక్టర్ కాకముందు టూల్‌మేకర్. ఆకురాయి, లేత్, మైక్రోమీటర్ పట్టుకున్న చేతులు అవి. ఆ లెక్కన మెకానికల్ వాళ్లకి సీనియర్ కిందే లెక్క.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. స్త్రీల పునరుత్పత్తి అవయవాలన్నీ, అంటే గర్భసంచి, అండాశయాలు, వాటిని కలిపే సన్నని ట్యూబులు, కటి ఎముకల గిన్నెలో అడుగున ఉంటాయి. బయటి నుంచి కనపడవు, చేత్తో తడిమినా సరిగ్గా తెలియవు. సెమ్ చదువుకునే రోజుల్లో స్కానింగ్ అనేదే ఆసుపత్రుల్లోకి రాలేదు. కడుపులో గడ్డ ఉందా, ట్యూబు మూసుకుపోయిందా, ట్యూబులోనే గర్భం నిలిచిందా అని తెలుసుకోవాలంటే జానెడు కోత పెట్టి తెరిచి చూడటమే. చూశాక ఏమీ లేదని తేలితే మళ్లీ కుట్టేయడమే. చూడటానికి పెట్టిన కోతే రోగాన్ని మించిన బాధ పెట్టేది. రెండు మూడు వారాలు మంచం, ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, కుట్టు చీము పడితే ఇంకో నెల.

ఆరు వారాలు అంటే ఏంటో మన వైపు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. చర్ల, దుమ్ముగూడెం వైపు ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ ఉంటుంది. ఏడాది మొత్తంలో చేతికి కాస్త నగదు కనపడేది ఆ కొద్ది రోజులే. అంతకుముందు మిరప తోటల్లో కాయ ఏరడం. అప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు గుంపులుగా సరిహద్దు దాటి వస్తారు. ఈ రెండు పనుల్లోనూ ఎక్కువ చేతులు ఆడవాళ్లవే. అలాంటి మనిషి ఆరు వారాలు బిందె ఎత్తకుండా కూర్చుంటే ఆ ఇంటి ఏడాది లెక్క తప్పినట్టే. అందుకే చాలామంది నొప్పి ఓర్చుకుంటారు తప్ప ఆసుపత్రి గడప తొక్కరు. కోత సైజు తగ్గించడం అనేది అందం కోసం చేసిన పని కాదని చెప్పడానికే ఇదంతా.

సెమ్ 1927 మార్చి 23న మ్యూనిక్‌లో పుట్టారు. వాళ్లది పరికరాలు తయారుచేసే కుటుంబం. తర్వాతి రోజుల్లో విసాప్ అనే కుటుంబ కంపెనీ సెమ్ గీసిచ్చిన డ్రాయింగులన్నిటినీ లోహంలోకి మార్చి ఇచ్చింది. ఆయన కూడా ముందు టూల్‌మేకర్‌గా పని నేర్చుకుని, ఆ తర్వాతే మ్యూనిక్ యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరారు. హార్మోన్ల మీద పనిచేసి నోబెల్ అందుకున్న అడాల్ఫ్ బ్యూటెనాంట్ దగ్గర పరిశోధన చేశారు. గర్భిణుల రక్తంలో ఆక్సిటోసిన్‌ని విడగొట్టే ఎంజైము మీద పేపర్లు రాశారు. ఆ దారిలోనే వెళ్లి ఉంటే మంచి బయోకెమిస్ట్ అయ్యేవారు, అంతే. మనం ఈ వ్యాసం చదివేవాళ్లం కాదు.

దారి మళ్లించింది రిచర్డ్ ఫికెన్‌చర్. మ్యూనిక్‌లో సంతానం లేని దంపతులకు వైద్యం చేసే ప్రొఫెసర్. పిల్లలు లేకపోతే ఆడమనిషికి మన దగ్గర పెట్టే పేర్లు అందరికీ తెలిసినవే, ఇక్కడ రాయను. అక్కడా పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. ఫికెన్‌చర్ దగ్గరికి వచ్చే స్త్రీలకి మొదటి పరీక్ష ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా లేదా అని. న్యూయార్క్‌లో ఇసిడోర్ రూబిన్ అనే డాక్టర్ 1920 ప్రాంతంలో దానికో పద్ధతి కనిపెట్టారు. గర్భసంచి ముఖద్వారం నుంచి గ్యాస్ పంపి పీడనం చూడాలి. ట్యూబు తెరిచి ఉంటే గ్యాస్ కడుపులోకి జారి పీడనం పడిపోతుంది, మూసుకుపోయి ఉంటే పెరుగుతూ పోతుంది. పైపులో బ్లాక్ ఉందో లేదో చూసే ప్లంబర్ పరీక్ష లాంటిదే. చిక్కేమిటంటే గ్యాస్ ఎంత పోతోంది, ఎంత ఒత్తిడితో పోతోంది అన్నది కచ్చితంగా చేతిలో ఉండాలి. లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఫికెన్‌చర్, సెమ్ కలిసి దానికో యంత్రం తయారుచేశారు. కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచి పంపుతుంది, పీడనాన్ని నమోదు చేస్తుంది.

ట్యూబుల కోసం చేసిన ఆ యంత్రమే పొట్ట కోసం చేసిన యంత్రానికి పునాది అయింది.

గొట్టం పెట్టి పొట్ట లోపల చూడటం సెమ్ కనిపెట్టింది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. 1901లో గియోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క మీద చేసి చూపించారు. 1910లో స్టాక్‌హోమ్‌లో యాకోబియస్ మనుషుల మీద చేశారు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, పారిస్‌లో రౌల్ పామర్ స్త్రీ వైద్యంలోకి దాన్ని తెచ్చారు. తల కిందికి, నడుము పైకి వచ్చేలా బల్లని వంచితే పేగులు ఛాతీ వైపు జారి కటి భాగం ఖాళీగా కనిపిస్తుందని చూపించింది ఆయనే. ఇంగ్లండ్‌లో ప్యాట్రిక్ స్టెప్టో పామర్ దగ్గర నేర్చుకుని 1967లో పుస్తకం రాశారు. తర్వాత అదే గొట్టంతో అండాన్ని తీసి, 1978 జులై 25న మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టడానికి కారణమైన వాళ్లలో ఒకరయ్యారు. అయితే వీళ్లందరి దగ్గరా అది ప్రధానంగా చూసే సాధనం. మహా అయితే చిన్న ముక్క తీయడం, ట్యూబు కాల్చి మూసేయడం. పొట్ట లోపల ఒక అవయవాన్ని కోసి, రక్తం ఆపి, కుట్టు వేసి బయటికి తీయడం అంటే, చెయ్యి పెట్టకుండా ఎలా? అసాధ్యం అనుకున్నారు. సెమ్ ఆ అసాధ్యాన్ని ఒక్కో పార్టుగా విడదీశారు.

మొదటి పార్టు గ్యాస్. పొట్ట గోడ, పేగులు మామూలుగా ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉండదు. ఖాళీ లేకపోతే ఏదీ కనపడదు, పని చేయడం కుదరదు. అందుకని గ్యాస్ నింపి గోడని పైకి లేపాలి, టెంటు వేసినట్టు. అప్పట్లో చాలాచోట్ల మామూలు గాలినే సిరంజితోనో చేతి పంపుతోనో కొట్టేవారు. లోపల పీడనం ఎంతో ఎవరికీ తెలియదు, పొట్ట మీద చెయ్యేసి అంచనా వేయడమే. పీడనం ఎక్కువైతే డయాఫ్రమ్ పైకి నొక్కుకుని ఊపిరి ఆడదు, కింది నుంచి గుండెకి రావాల్సిన రక్తం ఆగిపోతుంది. గాలిలో ఉండే నైట్రోజన్ రక్తంలో సులువుగా కరగదు కాబట్టి పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే బుడగలాగే ఉండి గుండె దగ్గర అడ్డం పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ అయితే ఆక్సిజన్ కంటే దాదాపు 20 రెట్లు ఎక్కువగా కరుగుతుంది, ఊపిరితిత్తుల ద్వారా బయటికి వెళ్లిపోతుంది. పైగా మంటని పోషించదు.

1960లలో సెమ్ దీనికి ఆటోమేటిక్ యంత్రం చేశారు. మన కంట్రోల్ సిస్టమ్స్ పేపర్లో వచ్చే క్లోజ్డ్ లూప్ అన్నమాట. కావలసిన పీడనం సెట్ చేస్తే, లోపలి పీడనాన్ని కొలుస్తూ, తక్కువైతే గ్యాస్ పంపుతూ, సరిపోగానే ఆపేస్తుంది. మధ్యలో లీకైతే మళ్లీ నింపుతుంది. ఇవాళ మామూలుగా వాడే పరిమితి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. ఇది ఎంత తక్కువో చూడండి, వాతావరణ పీడనంలో రెండు శాతం. ఆ చిన్న పీడనాన్ని గంటల తరబడి కదలకుండా నిలపడమే ఆ యంత్రం పని. ఆపరేషన్ అయ్యాక చాలామంది స్త్రీలు పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పి పుడుతోందని చెప్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. మిగిలిపోయిన గ్యాస్ డయాఫ్రమ్ కింద చేరుతుంది, డయాఫ్రమ్‌కి వెళ్లే నరం మెడ దగ్గర భుజం నరాలతో పాటే మొదలవుతుంది, అందుకని మెదడు ఆ నొప్పిని భుజం ఖాతాలో వేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. 2014 నవంబరులో ఒడిశాలోని ఆంగుల్ జిల్లాలో ఒక కుటుంబ నియంత్రణ క్యాంపులో 50 మందికి పైగా స్త్రీలకి ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేశారు. పొట్టలు ఉబ్బించడానికి వాడింది సైకిల్ పంపు. అవును, సైకిల్ పంపే. పేపర్లలో వచ్చి దేశమంతా గగ్గోలు అయింది. సైకిల్ ట్యూబులో ఉండే పీడనం మనం పైన చెప్పుకున్న పరిమితికి వంద రెట్లు. ఆ పంపుకి గేజు లేదు, ఫిల్టరు లేదు, ఆగే బుద్ధి లేదు. సెమ్ యంత్రం వచ్చి అప్పటికే యాభై ఏళ్లు. ఒక యంత్రం కనిపెట్టడానికీ, అది అవసరమైన మనిషి పక్కకి చేరడానికీ మధ్య దూరం ఎంతంటే, నాకు ఆంగుల్ గుర్తొస్తుంది.

రెండో పార్టు రక్తం ఆపడం. అప్పటి పద్ధతి హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో కాల్చడం. కరెంటు రోగి శరీరం గుండా వెళ్లి తొడ దగ్గర పెట్టిన ప్లేటు ద్వారా బయటికి రావాలి. కానీ కరెంటు మనం గీసిన దారిలోనే వెళ్లాలని రూలేం లేదు కదా. పక్కనున్న పేగు మీదుగా వెళ్తే అక్కడ కాలుతుంది. అప్పుడు ఎవరికీ కనపడదు, మూడు నాలుగు రోజుల తర్వాత ఆ చోట చిల్లు పడి కడుపంతా విషమవుతుంది. దీనికి సెమ్ చేసిన పరిష్కారం చాలా సింపుల్. కరెంటు రోగిలోకి అసలు వెళ్లకూడదు. పరికరం కొస మాత్రమే సుమారు 100 డిగ్రీలకి వేడెక్కాలి, దాంతో పట్టుకున్న చోట కణజాలం గడ్డకట్టాలి. సోల్డరింగ్ ఐరన్ తెలిసిన ప్రతివాడికీ ఇది అర్థమవుతుంది. ఎండోకోయాగ్యులేటర్ అని పేరు పెట్టారు.

మూడోది ముడి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 5 మిల్లీమీటర్ల గొట్టంలోంచి దారం పంపి లోపల ముడి వేయాలి, వేళ్లు లోపలికి వెళ్లవు. ఎలా? అంతకు కొన్ని దశాబ్దాల ముందు, రోడర్ అనే జర్మన్ డాక్టర్ పిల్లల టాన్సిల్స్ తీసేటప్పుడు వాడిన జారుముడి ఒకటి ఉంది. ఒకవైపు లాగితే బిగుస్తుంది, వెనక్కి జారదు. పశువుల్ని కట్టే పలుపుకి, బావి చేదకి ముడి వేసిన వాళ్లకి ఆ లాజిక్ కొత్త కాదు. సెమ్ ఆ ముడిని బయటే కట్టి, ఉచ్చులాగా గొట్టంలోంచి పంపి, అవయవం మెడకి తగిలించి, సన్నటి ప్లాస్టిక్ కడ్డీతో ముడిని కిందికి నెట్టి బిగించారు. ఈ ఉచ్చునే ఇప్పుడు ఎండోలూప్ అంటారు, కంపెనీలు రెడీమేడ్‌గా అమ్ముతున్నాయి. తర్వాత లోపలే సూదితో కుట్టి ముడి వేసే పద్ధతి కూడా నేర్పారు. రక్తాన్ని కడిగి పీల్చే పరికరం, కొక్కేలు, కత్తెరలు, పట్టకార్లు ఇలా 80కి పైగా పరికరాలు ఆయన ఖాతాలో ఉన్నాయని అంటారు.

సొంత ఇంటి కంపెనీ తయారుచేసే పరికరాలని సొంత ఆపరేషన్లలో వాడి, వాటినే ఊరూరా తిరిగి ప్రచారం చేస్తే ఇవాళ మనం ఏమంటాం? నేనైతే అనుమానంగానే చూస్తాను. కానీ ఇంకో వైపు కూడా ఉంది. ఆ రోజుల్లో ఏ పెద్ద కంపెనీ ఈ పిచ్చి ఆలోచనల మీద డబ్బు పెట్టేది కాదు. పొద్దున ఆపరేషన్‌లో పట్టకారు జారితే, దాని పళ్లు ఎలా ఉండాలో అదే భాషలో చెప్పగలిగిన డాక్టరు, విని చేసిపెట్టే వర్క్‌షాపు ఉండటం వల్లే అన్ని ప్రోటోటైపులు బతికి బట్టకట్టాయి.

తన పద్ధతికి ఆయన పెల్విస్కోపీ అని పేరు పెట్టారు. ల్యాప్రోస్కోపీ అనే మాటకి అప్పటికి జర్మనీలో మంచి పేరు లేదు, లివర్ డాక్టర్లు చేసే వ్యవహారంగా చూసేవారు. పేరు మారిస్తే గొడవ తగ్గుతుందనుకున్నారేమో. తగ్గలేదు. ఒక సభలో ఆయన స్లైడ్లు చూపిస్తుంటే, ఇలాంటి అనైతికమైన సర్జరీని చూపించకూడదని ఎవరో ప్రొజెక్టర్ ప్లగ్గు పీకేశారు.

అసలు తుఫాను 1980 సెప్టెంబరులో వచ్చింది. కీల్‌లో సెమ్ ఒక రోగికి అపెండిక్స్‌ని మొత్తంగా గొట్టాల ద్వారానే తీసేశారు. ప్రపంచంలో అదే మొదటిసారి. అపెండిక్స్ అంటే జనరల్ సర్జన్ల జాగీరు. ఒక స్త్రీ వైద్యుడు వచ్చి, అదీ కన్నాల్లోంచి, తీయడమా? జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడు ఈయన్ని వైద్యవృత్తి నుంచి సస్పెండ్ చేయాలని కోరుతూ జర్మన్ గైనకాలజీ సంఘానికి రాశారు. సెమ్ ఆ ఆపరేషన్ మీద పేపరు రాసి అమెరికాలోని పేరున్న గైనకాలజీ జర్నల్‌కి పంపితే, ఇది అనైతికం అని తిప్పి పంపారు. చివరికి 1983లో ఎండోస్కోపీ అనే జర్నల్‌లో వచ్చింది.

వ్యతిరేకించిన వాళ్లందరూ మూర్ఖులు అని రాసేస్తే కథ బాగుంటుంది గానీ, న్యాయం కాదు. పొట్ట తెరిచి చేసే అపెండిక్స్ ఆపరేషన్ అప్పటికే వందేళ్లుగా కుదురుకున్న పని. కొత్త పద్ధతి దానికంటే క్షేమం అని చూపించే పోలిక ఏదీ 1980లో లేదు. లోపల రక్తనాళం తెగితే గొట్టంలోంచి ఏం చేస్తారు అన్నది సరైన ప్రశ్నే. వాళ్ల తప్పు ఆ ప్రశ్న అడగడంలో లేదు. జవాబు వినకుండా ప్లగ్గు పీకడంలో ఉంది.

విన్నవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్లే చాలు. బోబ్లింగెన్ అనే చిన్న పట్టణంలో ఎరిక్ మ్యూ అనే సర్జన్ సెమ్ అపెండిక్స్ ఆపరేషన్ గురించి తెలుసుకుని, 1985 సెప్టెంబరు 12న గాల్‌బ్లాడర్‌ని అదే తోవలో తీశారు. ఆయనకీ అవమానాలే ఎదురయ్యాయి, కోర్టు కేసు దాకా వెళ్లింది. 1992లో అదే సర్జన్ల సంఘం పిలిచి సత్కరించింది. 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మౌరే చేశారు. అప్పటికి గొట్టం చివర వీడియో కెమెరా వచ్చింది, సర్జన్ ఒంటికన్నుతో వంగి చూడక్కర్లేకుండా అందరూ టీవీలో చూడొచ్చు. అక్కడి నుంచి ఉప్పెనే. 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా మన దేశంలో మొదటిసారి గాల్‌బ్లాడర్‌ని ఇలా తీశారు.

ఈ ఉప్పెనలో సెమ్‌కి ఒక భయం పట్టుకుంది. పరికరాలు కొనడం వారంలో పని, చేతులు నేర్చుకోవడం ఏళ్ల పని. గొట్టంలోంచి పనిచేసేటప్పుడు చెయ్యి కుడికి కదిపితే కొస ఎడమకి వెళ్తుంది, పొట్ట గోడ దగ్గర ఫల్క్రమ్ ఉంటుంది కాబట్టి. లోతు తెలియదు, స్పర్శ సగం కూడా ఉండదు. ఇదంతా బతికున్న మనిషి మీద నేర్చుకోవడం ఏంటి? అందుకని 1980ల మధ్యలో పెల్విట్రైనర్ చేశారు. పారదర్శకమైన పెట్టె, పైన రంధ్రాలు, లోపల ముడి వేయడానికి ఏదైనా కణజాలం. ముందు పెట్టెలోకి నేరుగా చూస్తూ కుట్టడం, తర్వాత పైన గుడ్డ కప్పేసి గొట్టంలోంచి మాత్రమే చూస్తూ కుట్టడం. విమానం పైలట్లకి సిమ్యులేటర్ ఎలాగో ఇదీ అలాగే. ఈ ఒక్క పెట్టె ఆయన మిగతా పరికరాలన్నిటికీ సమానం అని నా అభిప్రాయం. ఇప్పటికీ మెడికల్ కాలేజీల్లో పీజీలు దీని వారసుల మీదే ప్రాక్టీసు చేస్తున్నారు. యాక్రిలిక్ షీటు, ఒక వెబ్‌క్యామ్, ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంటే మన వర్క్‌షాపులో కూడా చేయొచ్చు. మినీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్న వాళ్లెవరైనా చూడండి.

పద్ధతి సులువైతే దాన్ని వాడటం కూడా సులువైపోతుంది, ఈ మాట చెప్పకుండా సెమ్ కథ పూర్తవదు. మన దగ్గర ల్యాప్రోస్కోపీ ముందుగా ఊళ్లలోకి వచ్చింది గడ్డలు తీయడానికో, పిల్లలు కావడానికో కాదు, పిల్లలు పుట్టకుండా చేసే క్యాంపుల కోసం. డీపీఎల్ అని పేపర్లలో చూసే ఉంటారు, రెండు రంధ్రాలు పెట్టి ట్యూబులకి రింగులు తొడగడం. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు. నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి వరసపెట్టి చేసేయొచ్చు అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. 2014 నవంబరులో మన సరిహద్దు రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గర, ఒకే సర్జన్ ఒకే క్యాంపులో 83 మందికి చేశారు. ఆ వారం జరిగిన క్యాంపుల తర్వాత 13 మంది చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల పద్ధతిని మూడేళ్లలో ఆపాలని చెప్పింది. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ చేశారు, వాళ్లలో నలుగురు కొద్ది రోజుల్లోనే చనిపోయారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో 60 శాతానికి పైగా ఈ పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు లెక్కలోకి రానంత తక్కువ, నిజానికి అది దీనికన్నా చిన్న ఆపరేషన్ అయినా.

గర్భసంచి తీయించుకోవడంలో కూడా మనమే ముందు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద అది 3 శాతం పైన ఉంటే, ఆంధ్ర, తెలంగాణల్లో 8 శాతం దాటింది. ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీసేసిన మనిషి మన ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని, ఉంచితే క్యాన్సర్ అవుతుందని ఎవరో భయపెట్టారని. సెమ్ జీవితమంతా చేసిన పని చూస్తే విచిత్రంగా ఉంటుంది. గర్భసంచి తీయకుండా గడ్డ ఒక్కటే తీయడం, అండాశయాన్ని వదిలి తిత్తి ఒక్కటే తీయడం, ట్యూబులో గర్భం నిలిస్తే ట్యూబుని కాపాడటం, ఆయన పరికరాల్లో చాలావరకు ఇందుకోసమే. ఉంచడం కోసం చేసిన పనిముట్లు తీసేయడం కోసం వాడుకలోకి వచ్చాయి.

పెద్ద గడ్డని చిన్న రంధ్రంలోంచి బయటికి తేవడానికి లోపలే ముక్కలు చేసే మోర్సెల్లేటర్ కూడా ఆయన తెచ్చిందే, చేత్తో తిప్పేది. 1990లలో దానికి ఇతరులు మోటారు పెట్టారు. గడ్డలో తెలియకుండా క్యాన్సర్ ఉంటే ఆ ముక్కలు కడుపంతా చల్లుకుపోతాయని తేలి, 2014లో అమెరికా ఎఫ్‌డీఏ దాని వాడకం మీద గట్టి హెచ్చరిక జారీ చేసింది. ఇప్పుడు లోపల సంచి పెట్టి, ఆ సంచిలోనే ముక్కలు చేస్తున్నారు. 1980లో ప్లగ్గు పీకినవాళ్లు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి. ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా అడగలేదు.

సెమ్ 1995లో కీల్ నుంచి రిటైరయ్యారు. పాతికేళ్లు అక్కడే. వెయ్యికి పైగా వ్యాసాలు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి నేర్చుకుని వెళ్లిన వందలమంది. ఆయన దగ్గర తయారైన లీజెలోట్టే మెట్లర్ వంటివాళ్లు ఆ బడిని కొనసాగించారు. చివరి రోజుల్లో అమెరికాలోని అరిజోనాకి వెళ్లి, టూసాన్‌లో 2003 జులై 16న చనిపోయారు. వయసు 76. ఆనాటికి, ఆయన్ని సస్పెండ్ చేయాలని రాసిన సర్జన్ల దేశంలోనే గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు ఎక్కువభాగం గొట్టాలతోనే జరుగుతున్నాయి.

కీల్ స్త్రీల ఆసుపత్రిలో ఇప్పటికీ ల్యాప్రోస్కోపీ నేర్పే శిక్షణ కేంద్రం నడుస్తోంది. పేరు కీల్ స్కూల్. మన దేశం నుంచి కూడా డాక్టర్లు వెళ్తుంటారు. అక్కడ నేర్పేవాటిలో జారుముడి కూడా ఉంటుంది.